మేనమామ చెయ్యి

కుర్చీ కింద ఎవరో అంటించి పోయిన చూయింగ్ గమ్ వేలికి తగిలేసరికి స్మృతి చెయ్యి వెనక్కి లాక్కుంది. అది ఎండలేదు, ఇంకా మెత్తగానే ఉంది, ఎవరి నోట్లోంచి వచ్చిందో ఏమో. బ్యాగులోంచి టిష్యూ తీసి వేలు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది, ఆ టిష్యూని ఎక్కడ పడేయాలో తెలియక గుప్పిట్లోనే పెట్టుకుంది. చర్చి కింద ఉన్న ఈ హాలు ఆమెకు కొత్తదేం కాదు. ఈ వుడ్‌సైడ్ పేటలో పుట్టి పెరిగినవాళ్ళకి ఎవరికీ కొత్త కాదు. పెళ్ళి విందులూ ఇక్కడే, చావు భోజనాలూ ఇక్కడే, కింద ఏది జరిగినా వాసన ఒకటే. తడిసిన ఉన్ని కోట్లు, మరిగి మరిగి మాడిన కాఫీ, ఎన్నేళ్ళ నుంచో గోడల్లోకి ఇంకిపోయిన ఉడికిన క్యాబేజీ. ఐరిష్‌వాళ్ళ పాట్రిక్ పండగ అయిపోయి వారమైనా మిగిలిపోయిన బిస్కెట్లు ఇంకా బల్ల మీద ఉన్నాయి, మూడాకుల ఆకారంలో, పైన ఆకుపచ్చ చక్కెర పూతతో. జనం వాటినే నములుతున్నారు. నమిలినవాళ్ళ పళ్ళు ఆకుపచ్చగా మారుతున్నాయి. ఆ పళ్ళతోనే వంతులవారీగా మైకు దగ్గరికి వెళ్ళి మాట్లాడుతున్నారు. పక్కన అమ్మ, మోరీన్, ఒళ్ళో కోటు పెట్టుకుని దాని గుండీలు పెట్టడం, తీయడం చేస్తోంది. స్మృతి తన పేరు ఎప్పుడు పిలుస్తారా అని చూస్తోంది.

విషయం చిన్నదే. పెద్ద రోడ్డు మీద మూతపడ్డ మోటెల్ ఒకటుంది. దాన్ని సరిహద్దు దాటి కొత్తగా వచ్చిన కుటుంబాలకి షెల్టర్‌గా ఇద్దామని సిటీవాళ్ళు అనుకుంటున్నారు. పేటవాళ్ళ అభిప్రాయం ఏమిటని అడగడానికి ఈ మీటింగు. స్మృతి ఇక్కడి బడిలో మూడో క్లాసుకి టీచరు. ఆ మోటెల్‌కి పిల్లలు వస్తే ఆమె బడికే వస్తారు. ఇప్పటికే ముగ్గురొచ్చారు, వాళ్ళలో వెనెజువెలా పిల్లొకతె లంచ్‌లో ఇచ్చిన యాపిల్‌ని తినకుండా స్వెటర్ లోపల దాచుకుంటుంది, ఎందుకని అడిగితే తమ్ముడికి అంటుంది. ఆ పిల్ల గురించి చెప్పాలని వచ్చింది స్మృతి. ఏం చెప్పాలో బస్సులో రెండుసార్లు మనసులో అనుకుంది కూడా. ఒక ఆనందం కూడా ఉంది ఆమెకి. నాన్న కూడా మాట్లాడతానన్నాడు. జనం ముందు నోరు విప్పాలంటే తన యాస చూసి నవ్వుతారని జంకే మనిషి, పొద్దున చొక్కా తనే ఇస్త్రీ చేసుకుని, నీలం టై కట్టుకుని, "నేనూ రెండు ముక్కలు మాట్లాడతానే ఇవాళ" అన్నాడు. ఆ మాటకే పొంగిపోయింది. ఏం మాట్లాడతావని అడగలేదు. అడగాల్సిన పని ఉందనుకోలేదు. ఆయన అదిగో ముందు వరసలో కూర్చున్నాడు, బట్టతల మీద ట్యూబ్‌లైట్ వెలుగు పడుతోంది. ఆయన వెనక వరసలో డెనిస్ మామయ్య, అమ్మకి అన్న, ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో రిటైరైన మనిషి, రెండు కుర్చీల వెడల్పున.

మైకు దగ్గర ఇప్పుడొక టైర్ల షాపు ఆయన. "నాకు వాళ్ళ మీద ఏ ద్వేషమూ లేదు, కానీ," అన్నాడు. ఇప్పటికి మాట్లాడినవాళ్ళందరూ ఈ వాక్యంతోనే మొదలుపెట్టారు. కొలంబియా బేకరీ ఆవిడా అంతే, కొరియా చర్చి పెద్దమనిషీ అంతే. కానీ అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగుతారు, గుటక వేస్తారు, ఆ తర్వాత బయటికొస్తుంది అసలు సరుకు. ఎలుకలు. చెత్త. జబ్బులు. పేల పిల్లలు. పేలు అన్న మాట వినగానే స్మృతికి తాత గుర్తొచ్చాడు. అమ్మకి నాన్న, పాట్, ఐరిష్ జిల్లా మేయో నుంచి పద్దెనిమిదేళ్ళప్పుడు ఓడెక్కి వచ్చినవాడు. థాంక్స్‌గివింగ్‌కి రెండో గ్లాసు విస్కీ అయ్యాక ఒకే కథ చెప్పేవాడు. రిడ్జ్‌వుడ్‌లో మొదట అద్దెకున్న ఇంట్లో జర్మన్ ముసలావిడ తన దుప్పట్లని వేరే గుండిగలో ఉడకబెట్టేదిట, ఐరిష్‌వాళ్ళకి పేలుంటాయని. తన ఎదురుగానే, కర్రతో పైకెత్తి, ముక్కు పక్కకి తిప్పుకుని. తాత ఆ కర్ర పట్టుకోవడం అభినయించి చూపిస్తే బల్ల చుట్టూ అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు. నాన్న అందరికంటే గట్టిగా నవ్వేవాడు. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే స్మృతికి పళ్ళమధ్య ఇసుక పడినట్టుంటుంది. ఆ బల్ల దగ్గర ఎవరూ ఆ కథని పట్టుకుని ఒక్క అడుగు ముందుకి వెయ్యలేదు. దుప్పట్ల కథ చెప్పిన మనిషే, గ్లాసు కింద పెట్టి, నాన్న వైపు తిరిగి, "మీ పైనుంచి మళ్ళీ వాసనొస్తోంది విశ్" అనేవాడు.

పైన అంటే ఇంటి పైభాగం. తాత పెళ్ళికి రాలేదు. కూతురు, ఆస్పత్రిలో నర్సు, అపెండిక్స్ ఆపరేషన్ చేయించుకున్న సబ్‌వే ఇంజనీర్ని, విశ్వనాథం అనే నోరు తిరగని పేరువాణ్ణి చేసుకుంటానంటే, చేసుకో, నన్ను మాత్రం పిలవకు అన్నాడు. స్మృతి కడుపులో పడ్డాక అమ్మమ్మ ఏడ్చి గోల చేస్తే పై వాటా అద్దెకిచ్చాడు. ఒకటే షరతు పెట్టాడు, వాసన రాకూడదు. "మీవాళ్ళ మీద నాకు ద్వేషం ఏమీ లేదు, కానీ ఆ వంట. ఆ వాసన కర్టెన్లకి పడుతుంది. ఒకసారి పట్టిందంటే పోదు." అమ్మమ్మ కింద వాటా తలుపు సందులో తడి తువ్వాలు చుట్టి పెట్టేది. స్మృతి బడి నుంచి వచ్చి మెట్లెక్కేటప్పుడు తువ్వాలు ఉందంటే ఇవాళ నాన్న వంట అని అర్థం, లేదంటే అమ్మ వంట. నాన్న పోపు మాత్రం ఇంట్లో పెట్టేవాడు కాదు. కిటికీ ఎత్తి, ఫైర్ ఎస్కేప్ ఇనుప మెట్ల మీదకి దిగి, చిన్న క్యాంపు స్టవ్ మీద మూకుడు పెట్టి, జనవరి మంచులో కోటు, టోపీ, మఫ్లర్ వేసుకుని ఆవాలు చిటపటలాడేదాకా గొంతుక్కూర్చునేవాడు. ఇంగువ వేసేముందు గాలి ఎటు వీస్తోందో చూసుకునేవాడు. మూకుడు పట్టుకుని కిటికీలోంచి లోపలికి దూరేటప్పుడు కనుబొమల మీద మంచు ఉండేది. చాలా ఏళ్ళు స్మృతి పోపు అంటే ఇంటి బయట పెట్టేదనే అనుకుంది. అందరూ అలాగే పెడతారనుకుంది. కిందనుంచి, పెరట్లో సిగరెట్ కాల్చుకుంటూ, డెనిస్ మామయ్య తల పైకెత్తి చూసేవాడు. ఏమీ అనేవాడు కాదు. చూసి, ఉమ్మేసి, లోపలికి పోయేవాడు. ఆ ఉమ్మి పడిన చోటు మీదుగా మర్నాడు తొక్కుడుబిళ్ళ ఆడకుండా ఆమె పక్కనుంచి వెళ్ళేది.

మామయ్య అనమని నేర్పింది నాన్నే. "అంకుల్ అని ఎవర్నైనా అంటాం. ఆయన నీ మేనమామ. మనలో మేనమామ అంటే చిన్న విషయం కాదే తల్లీ." తన మాటల్లో ఆయన డెనిస్‌ని ఎప్పుడూ మా బావగారు అనే అన్నాడు, ఆ బావగారు ఈయన పేరు సగం ముక్క కూడా సరిగ్గా పలకకపోయినా. చెవులు కుట్టించడానికి మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలని నాన్నకి పట్టుదల. అమ్మ వద్దంది. వాడు రాడు విశ్, అడక్కు అంది. నాన్న కిందికి వెళ్ళి, బాగా ఆలోచించి పెట్టుకున్న ఇంగ్లిష్‌లో, దయచేసి శనివారం రమ్మని, పిల్లని ఒళ్ళో పెట్టుకుంటే చాలని అడిగాడు. డెనిస్ వచ్చాడు కూడా. వచ్చి, పై వాటా గుమ్మంలో నిలబడ్డాడు, బూట్లతోనే, వేలికి కార్ తాళాలు తిప్పుకుంటూ. లోపల నలుగురు తెలుగువాళ్ళు, అరిటాకు, పసుపు, కంసాలి బదులు నగల షాపులో చెవులు కుట్టే పిల్ల. "నన్ను ఏం చెయ్యమంటారు, శాంటా క్లాజ్‌లా కూర్చోవాలా," అన్నాడు. లోపలికి ఒక్క అడుగు వెయ్యలేదు. ఇంట్లోవాళ్ళు నవ్వారు, నాన్న కూడా నవ్వాడు, ఆ థాంక్స్‌గివింగ్ నవ్వే. కాసేపటికి గుమ్మంలో ఎవరూ లేరు. స్మృతి నాన్న స్నేహితుడు రాజీవ్ అంకుల్ ఒళ్ళో కూర్చుని ఏడ్చింది. అలాగని డెనిస్ రాక్షసుడేం కాదు. ఆ క్రిస్మస్‌కి పొద్దున్నే మెట్ల మీద ఎర్ర సైకిల్ ఒకటి ఉంది, రిబ్బను కట్టి, బెల్ కొట్టకుండా పెట్టిపోయిన సైకిల్. రాక్షసుడైతే ఎంత సుఖంగా ఉండేది అనుకుంది స్మృతి. అసహ్యించుకుని ఊరుకోవచ్చు. ఇప్పుడు అసహ్యించుకోబోయిన ప్రతిసారీ ఆ సైకిల్ అడ్డొస్తుంది, అదింకా చిరాకు.

టైర్ల షాపు ఆయన ముగించాడు. చప్పట్లు. అధ్యక్షురాలు ఇంకెవరి పేరో పిలిచింది, స్మృతి పేరు కాదు. చప్పట్లు కొట్టేవాళ్ళలో మిసెస్ కీగన్ కూడా ఉంది, తొంభై దగ్గర పడింది, చేతులు వణుకుతున్నా కొడుతోంది. చిన్నప్పుడు స్మృతికి ఐరిష్ డాన్స్ నేర్పింది ఈవిడే. ఈ హాల్లోనే, అదిగో ఆ స్టేజీ మీద. పోటీలకి వెళ్ళేముందు ఆడపిల్లలందరికీ రింగుల జుట్టు విగ్గులు పెట్టేది, ఎర్రరంగువి, ఒకరిది ఒకరికి మారుస్తూ. స్మృతి నెత్తిన పెట్టిన విగ్గులో ముందు పిల్ల చెమట ఇంకా చల్లగా తగిలేది. తర్వాత మొహానికి పౌడరు. "ఇంకొంచెం రాస్తే సరిపోతుంది, లైట్లలో తెలియదు," అంటూ మెడ దాకా రుద్దేది. ఏం తెలియదో ఎవరూ చెప్పలేదు. అద్దంలో చూసుకుంటే సున్నం కొట్టిన గోడకి చింతనిప్పుల టోపీ పెట్టినట్టుంది. ఎగిరి ఎగిరి ఆడింది, మూడో ప్రైజు వచ్చింది, చెమటకి పౌడరు కరిగి మెడ మీద చారలు కట్టింది, ఫోటోలో ఆ చారలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఏడే ఎడిసన్‌లో ఉమామహేశ్వరి ఆంటీ ఇంటికి వ్రతానికి వెళ్ళారు. అమ్మ చీర కట్టుకుంది, పిన్నులు గుచ్చి గుచ్చి, తెల్లటి పొట్ట ఎర్రగా కందిపోయేలా. ఆంటీ ఎంత బాగుందో అంది, బుగ్గ పట్టుకుంది, మంచినీళ్ళిచ్చింది. దాహమేసి వంటింట్లోకి వెళ్ళిన స్మృతి కిటికీలోంచి చూసింది. అమ్మ తాగిన స్టీలు గ్లాసుని ఆంటీ సింకులో వెయ్యలేదు. రెండు వేళ్ళతో అంచు పట్టుకుని, పెరట్లో మొక్కలకి నీళ్ళుపోసే పంపు దగ్గరికి తీసుకెళ్ళి, మట్టితో తోముతోంది. బీఫ్ తినే నోరు కదా. రిడ్జ్‌వుడ్ ముసలావిడ ముక్కు ఎలా పక్కకి తిప్పుకుందో తాత అభినయించి చూపించినట్టే, సరిగ్గా అలాగే ఉంది ఆంటీ మెడ. కార్లో ఇంటికొస్తుంటే అమ్మ, వాళ్ళు ఎంత ఆప్యాయంగా ఉన్నారో కదా అంది. స్మృతి కిటికీ అద్దానికి నుదురు ఆనించి కూర్చుంది.

పేట ఎన్ని చర్మాలు మార్చుకుందో. ఒకప్పటి ఐరిష్ మాంసం కొట్టు కొరియా వీడియోల షాపైంది, తర్వాత బంగ్లాదేశ్ హలాల్ కొట్టైంది, ఇప్పుడు అక్కడ చెక్కబల్లల మీద ల్యాప్‌టాపులు పెట్టుకుని ఓట్ మిల్క్ కాఫీ తాగుతున్నారు. పైన వంతెన మీద పోయే సెవెన్ ట్రైన్ ఒక్కటే మారలేదు, దాని కింద పావురాల రెట్ట ఒక్కటే మారలేదు. తాత ఇంటి పక్కన ఫిలిప్పీన్స్ కుటుంబం దిగితే తాత ముక్కు మూసుకున్నాడు, ఎండుచేపలని. ఆ ఫిలిప్పీన్స్ ఆవిడే బంగ్లాదేశ్ వాళ్ళొస్తే ముక్కు మూసుకుంది. ఈ హాల్లో కూర్చున్నవాళ్ళంతా ఒకప్పుడు ఎవరికో ఒకరికి వాసనేసినవాళ్ళే. ఆ వాసన పోయిందని వాళ్ళకి నమ్మకం. ఇంకొకరి మీద పడితే తప్ప పోయినట్టు కాదని ఇంకా పెద్ద నమ్మకం. స్మృతికి గుప్పిట్లో టిష్యూ తడిసి ముద్దయింది. ముందు వరసలో ఒకాయన చెవిలో వేలుపెట్టి తిప్పి, ఆ వేలు చూసుకుని, ప్యాంటుకి రాసి, బిస్కెట్ తీసుకున్నాడు. లేచి పోదామనిపించింది. పోతే ఆ యాపిల్ పిల్ల సంగతి ఎవరు చెప్తారు. పైగా నాన్న మాట్లాడాలి. నాన్న మాట్లాడేది విని అప్పుడు పోవచ్చు.

"మిస్టర్ విష్వా... సారీ, మిస్టర్ విశ్," అంది అధ్యక్షురాలు.

ఆయన లేచాడు. టై సర్దుకున్నాడు. మైకు ఎత్తు ఎక్కువైంది, దాన్ని వంచబోతే కీచుమంది, ఆయన కంగారుపడి దానికే సారీ చెప్పాడు. జనం చిన్నగా నవ్వారు. స్మృతి కుర్చీ అంచుకి జరిగింది.

"నేను ఈ పేటలో నలభై ఏళ్ళుగా ఉంటున్నాను," అన్నాడాయన ఇంగ్లిష్‌లో, ఒక్కో మాటా తూచి. "మీ రైళ్ళ సిగ్నళ్ళు నేను చూసేవాణ్ణి. నేను లైన్లో నిలబడి, పేపర్లన్నీ సరిగ్గా పెట్టుకుని వచ్చాను. ఎవర్నీ ఏదీ ఊరికే ఇమ్మని అడగలేదు."

ఎవరో శభాష్ అన్నారు. నాన్న ఆ గొంతు వైపు చూశాడు. ఆయన భుజాలు కొంచెం వెడల్పయ్యాయి.

"ఆ వచ్చేవాళ్ళ మీద నాకు ఏ ద్వేషమూ లేదు. కానీ," అని ఆగాడు. గుటక వేశాడు. "కానీ ఒక్కో గదిలో ఆరుగురుంటారు. ఆ గదిలోనే వండుతారు. ఆ వాసన ఉంది చూడండి, అది కర్టెన్లకి పడుతుంది. ఒకసారి పట్టిందంటే పోదు."

హాలంతా హోరెత్తింది. చప్పట్లు, కాళ్ళు నేలకేసి కొట్టడం. ఇంతసేపూ మాట్లాడినవాళ్ళలో ఎవరికీ పడనంతగా చప్పట్లు పడ్డాయి. మోరీన్ చేతిలో గుండీ ఆగిపోయింది.

"ఏసు మేరీ జోసఫ్," అంది చాలా నెమ్మదిగా. "అది మా డాడీ మాట. అక్షరం పొల్లుపోకుండా డాడీ మాట."

నాన్న తిరిగొచ్చి కూర్చున్నాడు. వెనక వరస నుంచి డెనిస్ ముందుకి వంగాడు. వంగి, పెద్ద చెయ్యి, గోధుమరంగు మచ్చల చెయ్యి, మంటల్లోంచి మనుషుల్ని లాగిన చెయ్యి, నాన్న భుజం మీద వేశాడు. వేసి తీసెయ్యలేదు. అక్కడే ఉంచాడు. "బాగా చెప్పావు విశ్. అయ్యాక నాతో పబ్‌కి వస్తున్నావు, కాదనకు," అన్నాడు, మూడు వరసలకి వినపడేలా. నాన్న మెడ తిప్పి ఆ చేతిని చూశాడు. స్మృతి కూర్చున్న చోటునుంచి ఆయన మొహం పక్కవాటుగా కనిపిస్తోంది. అంత సంతోషం ఆ మొహంలో ఆమె ఎన్నడూ చూడలేదు. తను పుట్టినప్పటి ఫోటోలో కూడా లేదు. ఆ సంతోషం చూస్తే జాలి పుట్టాలి. పుట్టలేదు. రోత పుట్టింది, నోట్లో పులిసిన నీళ్ళూరేంత రోత. ఒళ్ళో పిల్లని పెట్టుకోమంటే గుమ్మం దాటని మనిషి చెయ్యి అది. దానికోసం ఈయన ఏం ఇచ్చాడు. మంచులో గొంతుక్కూర్చున్న తననే పట్టుకెళ్ళి ఇచ్చేశాడు. ఇంతకంటే మురికిగా ఏది ఉంటుంది. కుర్చీ కింద గమ్ నయం.

"మిస్... ఇది ఎలా పలకాలి, స్మృ..."

స్మృతి లేచింది. మోరీన్ ఆమె మణికట్టు పట్టుకుంది. నర్సు పట్టు, వదిలించుకోవడం కష్టం.

"వద్దు స్మృతీ. ఇవాళ వద్దు. మీ నాన్నని చూడు."

"చూస్తూనే ఉన్నా మామ్."

"జీవితమంతా ఎదురుచూశాడు. నాకు తెలుసు. నువ్వు మాట్లాడకు, ఇంటికెళ్ళాక నేను మాట్లాడతాను."

చెయ్యి లాక్కుంది. మైకు దగ్గరికి నడుస్తుంటే కాళ్ళ కింద ఆకుపచ్చ బిస్కెట్ పొడి కరకరలాడింది. నాన్న ఆమెను చూసి బొటనవేలు ఎత్తి చూపించాడు, స్కూల్ నాటకంలో చెట్టు వేషం వేసినప్పుడు చూపించినట్టు. డెనిస్ చెయ్యి ఆయన భుజం మీదే ఉంది. బస్సులో అనుకున్న మొదటి వాక్యం ఆ పిల్ల గురించి, స్వెటర్ గురించి. నోరు తెరిస్తే అది రాలేదు.

"నేను స్మృతి. ఇందాక మాట్లాడినాయన మా నాన్న."

చప్పట్లు పడ్డాయి. మిసెస్ కీగన్ కూడా చేతులు కలిపింది.

"ఆ కర్టెన్ల మాట ఆయనది కాదు. మా తాత పాట్‌ది. మా నాన్ననే అన్నాడు ఆ మాట. కింద తాత కర్టెన్లకి వాసన పట్టకూడదని మా నాన్న జనవరిలో ఫైర్ ఎస్కేప్ మీద కూర్చుని వండేవాడు. ఒక రోజు కాదు, ఏళ్ళ తరబడి. డెనిస్ మామయ్యా, నీకు తెలుసు. నువ్వు కిందనుంచి చూసేవాడివి. చూసి ఉమ్మేవాడివి. మా ఇంటికి ఒక్కసారి వచ్చి గుమ్మంలో నిలబడి వెళ్ళిపోయావు. మా నాన్న వండింది ఏదైనా నువ్వు ఎప్పుడైనా తిన్నావా. ఇవాళ ఆయన భుజం మీద నీ చెయ్యి ఎందుకుందో చెప్పు. ఆయన వాసన పోయిందనా?"

హాల్లో ఎవరో దగ్గారు. ఇంకెవరో, ఇది కుటుంబ గొడవల చోటు కాదమ్మా అన్నారు. నాన్న తల వంచుకున్నాడు, టై చివర పట్టుకుని చూసుకుంటున్నాడు. డెనిస్ మొహం మెడనుంచి పైకి ఎర్రబడుతూ వచ్చింది. ఆయన చెయ్యి నాన్న భుజం మీదనుంచి లేచింది. చెవి గోక్కోవడానికి లేచినట్టు లేచింది. చెవి గోక్కుంది. తర్వాత తన మోకాలి మీదకి వెళ్ళింది. అంతే, మళ్ళీ రాలేదు. అది వెళ్ళినట్టు తల ఎత్తకుండానే నాన్నకి తెలిసింది, భుజం ఒకవైపు కాస్త కిందికి దిగింది. అధ్యక్షురాలు గంట కొట్టింది. టైమ్ అయిపోయింది. వచ్చి కూర్చున్నాక గాని స్మృతికి గుర్తు రాలేదు, ఆ పిల్ల గురించి ఒక్క ముక్క చెప్పలేదని. యాపిల్ లేదు, తమ్ముడు లేడు. ఎవరి కోసం వచ్చిందో వాళ్ళు మోటెల్ బయటే ఉండిపోయారు, తను మాత్రం తన ఇంటి మురికిని నలుగురిలో ఉతికి వచ్చింది. అప్పుడు తన మీద తనకే పుట్టిన ఏవగింపు మిగతావాటికంటే చేదుగా ఉంది, నాలుక మీద నిలబడింది.

చివర్లో చేతులెత్తమన్నారు. వద్దనేవాళ్ళు ఎత్తారు, అడవిలా లేచాయి చేతులు, డెనిస్‌ది అన్నింటికన్నా ఎత్తుగా. కావాలనేవాళ్ళు ఎత్తారు, అక్కడక్కడా కొన్ని. స్మృతి ఎత్తింది. పక్కన మోరీన్ కూతురి వైపు చూడకుండానే ఎత్తింది. నాన్న రెండుసార్లూ చేతులు ఒళ్ళోనే పెట్టుకున్నాడు. ఈ లెక్కని పైవాళ్ళకి పంపుతామని, తేల్చేది వాళ్ళేనని చెప్పి పంపించేశారు.

బయటికొచ్చేసరికి వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. నాన్న మెట్ల పక్క ఇనుప కటకటాలు పట్టుకుని నిలబడ్డాడు, కోటు లేకుండా. జనం ఆయన్ని తప్పించుకుని దిగిపోతున్నారు. డెనిస్ నలుగురితో కలిసి వచ్చాడు. "గుడ్ నైట్ మోరీన్," అన్నాడు చెల్లెలితో, ఒక్క చెల్లెలితోనే. పబ్ వైపు నడిచాడు.

"గుడ్ నైట్ డెనిస్," అన్నాడు నాన్న ఆ వీపుతో. చెయ్యి కూడా ఎత్తాడు.

స్మృతి ఆయన ముందుకొచ్చి నిలబడింది. తిడితే బాగుండుననుకుంది. ఆయన రోడ్డు వైపే చూస్తున్నాడు.

"తప్పే మాట్లాడాను," అన్నాడు తెలుగులో. "చెప్తున్నప్పుడే తెలుస్తోంది. 'కానీ' అనగానే ఆగి గుటకేశాను చూడు, అక్కడే తెలిసింది. వాళ్ళు చప్పట్లు కొడుతుంటే ఆగలేకపోయాను."

"నాన్నా, ఐ నో."

"నువ్వు చెప్పింది నిజమే. ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ చేతిని పబ్ దాకా ఉండనివ్వాల్సింది అమ్మా. ఒక్క గంట. ఇంటికొచ్చాక ఎన్ని తిట్టినా పడేవాణ్ణి."

"ఉండనివ్వలేకపోయాను," అంది. ఆమె తెలుగులో ఆ మాట తడబడింది. "నాకు అసహ్యం వేసింది నాన్నా. ఇంకా వేస్తోంది."

ఆయన తల ఊపాడు, అది న్యాయమే అన్నట్టు. మోరీన్ ఆయన కోటు తెచ్చి వెనకనుంచి పట్టుకుంది. ఒక చెయ్యి దూరింది. రెండోదానికి చేతి దారి దొరకలేదు, వెనక్కి గాల్లో తడుముకుంటున్నాడు. స్మృతి ఆ చేతిని పట్టుకుని కోటు చేతిలోకి పెట్టింది. ఆయన వద్దనలేదు. ఆమె వైపు చూడనూ లేదు.

పబ్ ముందునుంచి వెళితే ఇల్లు దగ్గర. ఆయన రెండోవైపు తిరిగాడు.

"ఇటు వెళదాం నాన్నా. దగ్గర కదా," అంది స్మృతి.

"వద్దమ్మా. చలిగా ఉంది," అన్నాడాయన, చుట్టుదారిలో ముందు నడుస్తూ.